సంతకం విలువ

గోదావరికి వరద పోటెత్తినపుడు ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడతాయి. ఈ అంకెలు డెల్టా గ్రామాలలో చదువురాని వారికి సైతం కంఠస్థములే. అయితే ఆ రాత్రులలో దీపం చేతపట్టి ఏటిగట్టు వెంట నడిచే లస్కరు పేరు ఎందరికి తెలుసు? గట్టుకు పొలాల వైపున ఎక్కడైనా నీరు ఊరుతున్నదా, వేలెడు బుంగ ఏర్పడిందా, ఊరే నీరు తేటగా ఉన్నదా, మట్టిని కలుపుకొని వస్తున్నదా అని చూడటమే అతని పని. తేటనీరు వస్తే కొంత వ్యవధి ఉన్నట్లు. బురదనీరు వస్తే గట్టు లోలోపల కరిగిపోతున్నట్లు. 1852 నాటికి ఆనకట్టను పూర్తిచేయించిన సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలు డెల్టా అంతటా దర్శనమిస్తాయి. ఆ గౌరవం సముచితమే. కట్టిన దానిని అనుదినం కాపాడుతున్న వారి ఊసు మాత్రం గండి పడిన మరునాడు, అదీ నిందించడానికే, వినవస్తుంది.

సరిగా ఇటువంటి వృత్తి ఒకటి ఆకాశయానంలోనూ ఉన్నది. విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించి, మరమ్మతు చేసి, అవి ప్రయాణానికి యోగ్యమైనవని ధ్రువీకరించే సాంకేతిక నిపుణుని వృత్తి అది. ఈ శాస్త్రశాఖకు ఏవియానిక్స్ అని పేరు. విమానం అనగానే పైలట్ గుర్తుకు వస్తాడు, రెక్కలూ ఇంజనూ గుర్తుకు వస్తాయి. ఆ పైలట్‌కు మేఘాల నడుమ తాను ఎంత ఎత్తున ఉన్నాడో, ఎంత వేగంతో పోతున్నాడో, ఏ దిక్కుకు తిరిగి ఉన్నాడో తెలిపేవి పరికరాలే. వాటిని నమ్మదగినవిగా నిలిపి ఉంచేవాడు తెర వెనుకనే ఉండిపోతాడు.

గోదావరి మండలానికి విమానం కొత్తది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను యుద్ధవిమానాలు విశాఖపట్టణంతో పాటు కాకినాడ మీద కూడ బాంబులు వేశాయి. ఆనాడు విమానం భయానికి గుర్తు. రాజమహేంద్రవరం సమీపాన మధురపూడిలోని విమానాశ్రయం చాలకాలం అడపాదడపా రాకపోకలతోనే కాలక్షేపం చేసింది. 1990ల మధ్యలో నిలిచిపోయిన ప్రయాణికుల విమానాలు తిరిగి రావడానికి పుష్కరకాలం పట్టింది. 2012లో కొత్త టెర్మినల్ ప్రారంభమైనది. 1,749 మీటర్ల రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించారు. చిన్నవైన ఏటీఆర్ వంటి విమానాలు మాత్రమే దిగుతూ వచ్చిన ఆ నేలపై 2024 డిసెంబరు నుంచి ఎయిర్‌బస్ ఏ-320 తరగతి జెట్ విమానాలు ఢిల్లీ, ముంబయి నగరాలకు రాకపోకలు మొదలుపెట్టాయి. కోనసీమ తీరానికి ఆవల సముద్రంలో చమురు, సహజవాయువు వెలికితీసే వేదికలకు ఉద్యోగులను చేరవేసే హెలికాప్టర్లు మరొక వైపు. ఉప్పుగాలిలో, తేమలో తిరిగే ఈ యంత్రాల తీగల కూడళ్ళకు చిలుము పట్టడం సహజం. ఇంటి ముందు మోటారు స్విచ్చికి పట్టిన పచ్చని చిలుమును గీకి పనిచేయించే డెల్టా రైతుకు ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తేడా ఒక్కటే. మోటారు ఆగితే మడి ఎండుతుంది; సముద్రం మీద పోతున్న హెలికాప్టరులో సంకేతం ఆగితే దారి తప్పుతుంది.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి ఈ వృత్తి మూలసూత్రాలు అప్పటికే పరిచితాలు. బెర్నౌలీ సిద్ధాంతం పాఠంలో వచ్చే పిటాట్ గొట్టమే విమానం ముక్కు దగ్గర ఉండి వేగాన్ని తెలుపుతుంది. ఎదురుగాలి ఒత్తిడిని ఆ గొట్టం గ్రహిస్తుంది. నిశ్చల వాయుపీడనాన్ని విమానం పక్కలనున్న సన్నని రంధ్రాలు గ్రహిస్తాయి. రెండింటి తేడాను బట్టి వేగం, రెండవదానిని బట్టి ఎత్తు లెక్కకు వస్తాయి. ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది కాగా, పెద్ద జెట్ విమానాలలో వాడే ఏకాంతర విద్యుత్తు 400 ఆవృత్తులది, 115 వోల్టులది. ఆవృత్తి పెరిగితే ట్రాన్స్‌ఫార్మరు ఇనుప దిమ్మె చిన్నదైనా సరిపోతుంది, బరువు తగ్గుతుంది. ఆకాశంలో ప్రతి కిలో బరువుకూ ఇంధనపు ఖర్చు ఉన్నది గనుక ఈ ఏర్పాటు. పరీక్షలో మార్కుల కోసం వల్లించిన సమీకరణం ఒకటి లోహరూపం ధరించి కంటి ఎదుట నిలవడం చిన్న ఆనందం కాదు.

పని మాత్రం అనుకున్నంత ఆకర్షణీయం కాదు. పగలంతా ఎగిరిన విమానం రాత్రికి నేలకు దిగుతుంది. టెక్నీషియనుకు అప్పుడు తెల్లవారుతుంది. మోకాళ్ళపై వంగి, టార్చిలైటు నోట కరచుకొని, చెయ్యి పట్టని సందులో వందలాది తీగల మధ్య ఒక్క తీగ సంఖ్యను చదవవలసి ఉంటుంది. ఎలక్ట్రానిక్ పలకను ముట్టుకొనే ముందు, ఒంటిలోని స్థిరవిద్యుత్తు దానిని పాడుచేయకుండ మణికట్టుకు పట్టీ కట్టుకొని నేలకు కలపవలసి ఉంటుంది. పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే చెక్కిన గాడి ఉంటుంది. పని ముగిసిన పిదప ఒక్క గాడి ఖాళీగా కనిపించినా ఆ పనిముట్టు దొరికేవరకు విమానం కదలదు. ముఖ్యమైన వ్యవస్థల విషయంలో ఒకరు చేసిన పనిని సంబంధం లేని మరొకరు వచ్చి తిరిగి చూడవలసిందే. ఇదంతా అయిన తరువాత పుస్తకంలో ఒక సంతకం. ఆ సంతకం చేసినవాని మాటను నమ్మియే తెల్లవారి విమానంలో పైలటూ, అతని వెనుక పసిబిడ్డలతో తల్లులూ కూర్చుంటారు.

ఆ సంతకం తప్పితే ఏమగునో 1996వ సంవత్సరం రెండుసార్లు చూపింది. ఆ ఏడాది ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో బర్గెన్ ఎయిర్ సంస్థకు చెందిన బోయింగ్ 757 విమానం సముద్రంలో కూలి 189 మంది మరణించారు. కొన్నాళ్ళు ఎగరకుండ నిలిచి ఉన్న ఆ విమానపు పిటాట్ గొట్టానికి తొడుగు లేదు. మట్టితో గూడు కట్టే కందిరీగ అందులో చేరి దానిని మూసివేసి ఉండవచ్చునని దర్యాప్తు చేసినవారు భావించారు. పల్లె ఇళ్ళలో గోడ మూలన, తాళపు కప్పలో సైతం అటువంటి గూళ్ళు చూడని గోదావరి బిడ్డ ఉండడు. అదే ఏడు అక్టోబరు 2న పెరూ దేశపు రాజధాని లిమా నుంచి రాత్రివేళ బయలుదేరిన ఏరోపెరూ విమానం, అదియూ బోయింగ్ 757 యే, 70 మందితో పసిఫిక్ సముద్రంలో పడిపోయింది. విమానాన్ని శుభ్రపరచేటప్పుడు నీరు పోకుండ నిశ్చల పీడన రంధ్రాలకు అంటించిన టేపు తీయడం మరిచారు. చీకటిలో పైలట్లు తమ ఎత్తు ఎంతో చెప్పుమని నేలమీది నియంత్రకుని అడిగారు. అతడు 9,700 అడుగులని చెప్పాడు. ఆ అంకె అతని రాడారు కొలిచినది కాదు. విమానంలోని తప్పుడు పరికరం పంపిన అంకెనే అతని తెర చూపింది. తమ అబద్ధమే తమకు సత్యమై తిరిగి వచ్చిందని వారికి తెలిసేసరికి రెక్క నీటిని తాకింది.

టేపు తీయని కార్మికునికి న్యాయస్థానం శిక్ష విధించింది. అతని తప్పు తప్పే. అయితే ఆ పనిని తనిఖీ చేయవలసిన పైవారు ఉన్నారు. బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూడవలసిన పైలట్ కూడ ఉన్నాడు. వెండిరంగు విమానానికి వెండిరంగు టేపు అంటిస్తే ఎవరి కంటికి ఆనుతుంది? ఎర్రని తొడుగు వాడవలసిన చోట చేతికి దొరికిన టేపు వాడటం ఆ ఒక్కరి తెలివితక్కువతనమని తేల్చివేస్తే పని సులువవుతుంది. కాని అటువంటి తీర్పు తరువాతి ప్రమాదాన్ని ఆపజాలదు.

ఇంతకంటె ఆలోచింపజేసే ఉదంతం 2014 డిసెంబరు 28 నాటిది. ఇండోనేషియాలోని సురబయ నుంచి సింగపూరు పోతున్న ఎయిర్‌ఏషియా సంస్థ విమానం జావా సముద్రంలో కూలిపోయి, అందులోని 162 మంది మరణించారు. అది నేడు మధురపూడిలో దిగుతున్న ఏ-320 తరగతి విమానమే. తోకలోని చుక్కాని ఎంతమేర తిరగవచ్చునో నిర్ణయించే ఎలక్ట్రానిక్ పెట్టెలో, ఒక పలక మీది టంకపు అతుకు సన్నగా చిట్లింది. చిట్లిన అతుకు వేడికీ చలికీ ఒకప్పుడు అంటుకొని, ఒకప్పుడు విడిపోతూ ఉన్నది. గడచిన పన్నెండు నెలల్లో ఆ వ్యవస్థ 23 సార్లు మొరాయించినట్లు నిర్వహణ పుస్తకాలలో నమోదై ఉన్నది. మొదట అరుదుగా, చివరకు తరచుగా. చాలసార్లు జరిగిన చికిత్స ఒక్కటే. విద్యుత్తును ఆపి తిరిగి ఇచ్చుట, పరీక్ష మీట నొక్కుట, తెరపై దోషం మాయమైనందున బాగున్నదని వ్రాయుట.

ప్రమాదానికి మూడు రోజుల ముందు అదే దోషం తలెత్తగా, నేలపై ఉన్న విమానంలో ఒక ఇంజనీరు సర్క్యూట్ బ్రేకర్ లాగి తిరిగి పెట్టడం ఆ కెప్టెన్ చూశాడని దర్యాప్తు నివేదిక పేర్కొన్నది. డిసెంబరు 28న ఆకాశంలో ఆ హెచ్చరిక పదేపదే రాగా, నాలుగవసారి ఆ బ్రేకర్లనే లాగారు. దానితో స్వయంచాలక నియంత్రణ తొలగిపోయింది. అందుకు సిద్ధముగా లేని చేతులలో విమానం అదుపు తప్పింది. అతుకు చిట్లినంత మాత్రాన విమానం కూలనక్కరలేదు. పైలట్ల పొరపాటు స్పష్టమే. కాని ఏడాది పొడుగునా ఊరిన నీటిని చూచి, తేటగానే ఉన్నదని గట్టు దిగి వచ్చినవారు అనేకులు. అంత పెద్ద యంత్రాన్ని ముంచిన బుంగ వెంట్రుకవాసి వెడల్పయినా లేదు.

నేటి విమానం తన రోగాన్ని తానే చెప్పుకుంటుంది, పెట్టె తీసి పెట్టె పెట్టడమే గదా మిగిలింది, ఇందులో మనిషి గొప్ప ఏమున్నదని కొందరి వాదం. అందులో కొంత సత్యం లేకపోలేదు. రేడియో గొట్టాలను విప్పి బాగుచేసిన తరం ముగిసింది; పెట్టెలను మార్చి, పాతదానిని కార్ఖానాకు పంపే కాలమిది. కాని పై ఉదంతంలో విమానం తన రోగాన్ని 23 సార్లు చెప్పింది. విన్నవారు అది పలికిన మాటను చెరిపివేశారే గాని, అది ఎందుకు పలుకుతున్నదని అడగలేదు. కొత్త పెట్టె పెట్టినంత మాత్రాన పని ముగియదని 2018 అక్టోబరు 29న జకార్తా సమీపాన 189 మందిని బలిగొన్న లయన్ ఎయిర్ ప్రమాదం తెలిపింది. గాలికి విమానం ఎంత కోణంలో ఉన్నదో చెప్పే సెన్సారును ముందునాడే మార్చారు. మరమ్మతై వచ్చిన ఆ సెన్సారు 21 డిగ్రీలు తప్పు చూపుతున్నది. అమర్చిన పిమ్మట చేయవలసిన పరీక్ష సరిగా జరిగినదనుటకు నమ్మదగిన ఆధారం దర్యాప్తుదారులకు దొరకలేదు. ఒకే సెన్సారు మాటను నమ్మి విమానపు ముక్కును కిందికి తోసే వ్యవస్థను నిర్మించిన తయారీదారుల దోషం అంతకు మించినదని చెప్పకపోతే అన్యాయమవుతుంది. అయిననూ ఆ పరీక్షను సక్రమంగా జరిపి ఉంటే, ఆ సెన్సారు నేలమీదనే పట్టుబడేది.

ఆ వృత్తి వైపు చూచే గోదావరి యువతకు మార్గాలు లేకపోలేదు. హైదరాబాదు బాలానగర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 1965లోనే ఏవియానిక్స్ విభాగాన్ని నెలకొల్పింది. 2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయ ఆవరణలో విమానాల మరమ్మతు కేంద్రాలు వెలిశాయి. విశాఖపట్టణంలో నౌకాదళపు వైమానిక స్థావరం ఉన్నది. ఏలూరు, భీమవరం, అమలాపురం ప్రాంతాల నుంచి వైమానిక దళంలో చేరి, సాంకేతిక విద్య నేర్చి, పదవీ విరమణానంతరం పౌర విమానయానంలో స్థిరపడినవారు ఉన్నారు.

అయితే డెల్టాలో చదువు విలువను కొలిచే తూనిక వేరు. ఇంజనీరింగు పట్టా ఒక్కటే చదువు. పాలిటెక్నిక్ డిప్లొమా మార్కులు చాలనివారికి. చేతికి మసి అంటే పని దానికంటె తక్కువ. 1946లో స్థాపితమైన కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ వంటి సంస్థ నడయాడిన నేలపై ఈ చిన్నచూపు విచిత్రంగా తోస్తుంది. పెళ్ళిచూపులలో సాఫ్ట్‌వేరు ఇంజనీరని చెప్పినంత ధీమాగా విమాన టెక్నీషియనని చెప్పలేని స్థితి తల్లిదండ్రులది. ఈ చిన్నచూపునకు మరొక ముఖం కూడ ఉన్నది. విమానం బొమ్మ ముద్రించిన రంగుల కరపత్రం చూచి, ఎకరం కొబ్బరితోట అమ్మి, లక్షలు చెల్లించి పిల్లవానిని చేర్పించే తొందర అది. కళాశాల ఇచ్చే ధ్రువపత్రం వేరు, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే లైసెన్సు వేరు. ఏవియానిక్స్‌కు సంబంధించిన బి-2 తరగతి లైసెన్సు కోసం ఒక్కొక్క విషయంలో నూటికి 75 మార్కులు సాధించాలి. గుర్తింపు పొందిన శిక్షణ పూర్తిచేసినవారికి రెండేళ్ళు, సాంకేతిక శిక్షణ ఏదీ లేనివారికి ఐదేళ్ళు విమానాలపై పనిచేసిన అనుభవం ఉండాలి. ఆపైన ఫలానా రకం విమానంపై సంతకం చేయడానికి ఆ రకానికి ప్రత్యేకమైన అర్హత సంపాదించాలి. ఆ అనుభవం ఎక్కడ, ఎవరి విమానాలపై చూపుతారని అడగకుండ రుసుము కట్టిన కుటుంబాలు తరువాత వగచి ప్రయోజనం ఉండదు. కరపత్రంలో ఆ ప్రశ్నకు జవాబు వెదకాలి. లేకుంటే కార్యాలయంలో అడిగి వ్రాయించుకోవాలి.

లైసెన్సు పాఠ్యప్రణాళికలో విద్యుత్తు, అంకీయ పద్ధతులు, వాయుగతి శాస్త్రంతో పాటు మానవ స్వభావాన్ని గురించిన పత్రం ఒకటి ఉండటం గమనింపదగినది. అలసట, మరపు, తొందర, పైవారి ఒత్తిడి మనిషిచేత ఎటువంటి తప్పులు చేయిస్తాయో అందులో చదవాలి. విమానాలు నడిపేవారికి ప్రతి నిమిషం ధనమే. ఉదయం ఆరు గంటల విమానంలో నూట ఎనభై మంది కూర్చుని ఉండగా, మీటరు చూపే అంకె నచ్చలేదని పుస్తకం మూసి నిలబడే టెక్నీషియనుకు ఎన్నో ఫోనులు వస్తాయి. చట్టం కూడ మొండిది కాదు. కొన్ని చిన్న దోషాలతో విమానం ఎగరడానికి అనుమతి ఉన్నది. ఆ దోషాల తరగతిని బట్టి మూడు రోజులలోనో, పది రోజులలోనో సరిచేయాలని గడువు కూడ నిర్దేశించింది. దోషాన్ని ఉన్నదని వ్రాసి గడువు తీసుకొనుట ఒకటి, లేదని వ్రాసి పంపుట మరొకటి. మొదటిది వ్యాపారానికి ఇచ్చిన వెసులుబాటు. రెండవది చేయుమని ఎవరూ కాగితంపై ఆజ్ఞాపించరు. ముఖం చిట్లించి గడియారం చూస్తారు, అంతే. కాబట్టి సంతకం చేయని చేతిని శిక్షించకుండ కాపాడే బాధ్యత యాజమాన్యాలది. సంతకం చేసిన చేతిని మాత్రమే పట్టుకొనే విచారణలు ఆ పనికి తోడ్పడవు.

తెల్లవారుజామున నేల మీది విమానపు పిటాట్ గొట్టాలకు తొడిగిన తొడుగులకు ఎర్రని పట్టీలు వేలాడుతూ ఉంటాయి. ఎగిరే ముందు తీసివేయవలెనని వాటి మీద వ్రాసి ఉంటుంది. టెక్నీషియను వాటిని ఒక్కొక్కటిగా ఊడదీసి, లెక్కపెట్టి, రెక్క కిందినుంచి ఎడమగా వచ్చి, కాక్‌పిట్ అద్దానికి ఎదురుగా నిలిచి, పట్టీలన్నిటినీ చేతితో ఎత్తి పైలట్‌కు చూపుతాడు. లోపలివాడు తాను కూడ లెక్కపెట్టి తల ఊపిన తరువాతనే అతడు చేయి దించుతాడు.